ఒప్పుకున్న కేసును తిరగదోడవచ్చా?

చిక్కడపల్లి నగర గ్రంథాలయం చుట్టుపక్కల, అశోక్‌నగర్ హాస్టళ్లలో, నారాయణగూడ కోచింగ్ సెంటర్ల దగ్గర సర్కారు కొలువుల కోసం చదివేవాళ్లలో కొందరిని లోలోపల తినేసే సందేహం ఒకటుంది. కాలేజీ రోజుల్లో ఏదో గొడవ జరిగి కేసయింది. వాయిదాలకు తిరగలేక విసిగిపోయి ఉన్నప్పుడు, "ఒప్పేసుకో, జైలుండదు, బాండు రాసిచ్చి ఇంటికెళ్లిపోవచ్చు" అని ఎవరో చెబితే ఒప్పుకున్నారు. కోర్టు ప్రొబేషన్ ఇచ్చింది. కొన్నేళ్లకు ఉద్యోగం వచ్చింది, వెరిఫికేషన్ ఫారం చేతికందింది. ఇప్పుడు ఆ కేసును మళ్లీ తెరిపించి, నేను తప్పు చేయలేదని చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు. కానీ దారి ఇరుకు, గడువు తక్కువ. గెలిచినా చేతికొచ్చేది మీరు అనుకున్నది కాకపోవచ్చు. అందుకే ముందు లెక్క వేసుకుని, ఆ తర్వాతే వకాల్తా మీద సంతకం పెట్టాలి. చాలామందికి పాత కేసును తవ్వడం కన్నా చేతిలో ఉన్న ఉత్తర్వును సరిగ్గా వాడుకోవడమే మేలు చేస్తుంది. ఆ మాట ఎందుకంటున్నానో ఒక్కొక్కటిగా చెబుతాను.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. 2023లో ఒక కుర్రాడు టీ కొట్టు దగ్గర ఇంకొకతన్ని అడ్డగించి చెయ్యి చేసుకున్నాడని కేసు పెట్టారు. ఐపీసీ 341, అంటే దారికి అడ్డుపడటం. 323, అంటే గాయపరచడం. మొదటిదానికి గరిష్ఠంగా నెల రోజుల జైలు లేదా 500 రూపాయల జరిమానా, రెండోదానికి గరిష్ఠంగా ఏడాది జైలు లేదా 1,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే 126(2), 115(2) సెక్షన్లయ్యాయి. జైలు కాలం మారలేదు గానీ జరిమానాలు పదింతలై 5,000కీ 10,000కీ చేరాయి. మన కుర్రాడు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఏడాది పాటు సత్ప్రవర్తనతో ఉంటానని 10,000 రూపాయలకు బాండు రాయించుకుని వదిలేశారు.

ఇప్పుడు మొదటి అపోహ. ప్రొబేషన్ అంటే కేసు కొట్టేయడం కాదు. నేరం రుజువైంది లేదా ఒప్పుకున్నారు, కాబట్టి మీరు దోషి అని కోర్టు రాసేసింది. శిక్ష మాత్రం వేయకుండా, మంచి నడవడికతో ఉంటానని పూచీకత్తు తీసుకుని వదిలింది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఇందుకు రెండు పద్ధతులు పెట్టింది. సెక్షన్ 3 కింద మందలించి పంపేయవచ్చు, బాండు కూడా అక్కర్లేదు. ఇది రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకు, ఇంకా దొంగతనం, మోసం వంటి పేరుపెట్టి చెప్పిన కొన్నింటికి, అదీ గతంలో శిక్ష పడని వారికే. సెక్షన్ 4 కింద బాండు రాయించుకుని వదలవచ్చు. దీని పరిధి పెద్దది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు తప్ప మిగతావన్నీ ఇందులోకి వస్తాయి. బాండు గడువు ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ కూడా ఉండాలని కోర్టు ఆదేశిస్తే అది ఏడాదికి తగ్గకూడదు.

హాస్టళ్లలో ఉండేవారికి ఒక మెలిక ఉంది. సెక్షన్ 4 వర్తించాలంటే నిందితుడికి గానీ, అతని జామీనుదారుకు గానీ ఆ కోర్టు పరిధిలో స్థిరమైన నివాసమో, నికరమైన పనో ఉండాలి. నెలకో గది మారే కుర్రాడికి అందుకే ఊళ్లో ఉన్న బంధువు పూచీ అవసరమవుతుంది. వయసు విషయం కూడా చూసుకోవాలి. తీర్పు నాటికి 21 నిండకపోతే, జైలుకు పంపాలనుకున్న కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని, ప్రొబేషన్ ఎందుకు పనికిరాదో కారణాలు రాయాలి. అది సెక్షన్ 6.

రెండో అపోహ ఇంకా పెద్దది. రాజీ వేరు, ఒప్పుకోలు వేరు. మన ఉదాహరణలోని రెండు సెక్షన్లూ రాజీకి వీలున్నవే. దెబ్బ తిన్న మనిషి ఒప్పుకుని ఉంటే, లోక్ అదాలత్‌లోనో మామూలు కోర్టులోనో రాజీ పడి ఉండవచ్చు. రాజీ పడితే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 320(8), ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 359 ఆ మాట చెబుతాయి. ఒకే రోజు, ఒకే కోర్టు హాల్లో, పక్కపక్క కేసుల్లో ఇద్దరు కుర్రాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. ఒకరి రికార్డులో నిర్దోషి అని, ఇంకొకరి రికార్డులో దోషి అని ఉంటుంది. ఇద్దరికీ జైలు లేదు కాబట్టి ఆ రోజు తేడా తెలియదు. ఎవరి కేసైనా ఇంకా నడుస్తూ ఉంటే, ఒప్పుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఇది రాజీకి వీలున్న సెక్షనేనా?

మూడో రకం కూడా ఉంది. ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని, బాధితునికి పరిహారం మాట్లాడుకుని, శిక్ష తగ్గించుకునే ఏర్పాటు. 2006 జూలై నుంచి మన చట్టంలో ఉంది. ఏడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరాలకూ, మహిళల మీదా పిల్లల మీదా జరిగే నేరాలకూ పనికిరాదు. ఇందులో కూడా ప్రొబేషన్ ఇవ్వవచ్చు. కానీ ఇలా వచ్చిన తీర్పు మీద మామూలు అప్పీలు లేదు. సుప్రీంకోర్టుకు ప్రత్యేక అనుమతి కోరడం, హైకోర్టులో రిట్ వేయడం, ఈ రెండే మిగులుతాయి.

కాబట్టి ఎవరి సలహా తీసుకోవడానికైనా ముందు మీ కేసు ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవాలి. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. తీర్పు సర్టిఫైడ్ కాపీ, దానితోపాటు ఒప్పుకోలు నమోదు చేసిన కాగితం, ఆ రోజు డాకెట్, అంటే ఆ వాయిదాలో ఏం జరిగిందో కోర్టు రాసుకున్న షీటు, ఈ మూడింటికీ కాపీ దరఖాస్తు పెట్టాలి. తర్వాత చెప్పబోయేదంతా ఆ కాగితాల మీదే నిలబడుతుంది.

సరే, కాపీలు వచ్చాయి. తీర్పిచ్చిన కోర్టుకే వెళ్లి, అయ్యా పొరపాటున ఒప్పుకున్నాను, మళ్లీ విచారించండి అని అడగవచ్చా? లేదు. సంతకం పెట్టిన తీర్పును అదే కోర్టు మార్చకూడదు, అంకెల తప్పో రాత తప్పో సరిదిద్దడం తప్ప. పాత కోడ్‌లో 362, కొత్తదాంట్లో 403. ఆ మేజిస్ట్రేటు చేయగలిగినది బాండుకు సంబంధించినదే. షరతులు సడలించవచ్చు. నడవడిక బాగుందని, ఇక పర్యవేక్షణ అక్కర్లేదని ప్రొబేషన్ అధికారి దరఖాస్తు పెడితే గడువుకు ముందే బాండు రద్దు చేయవచ్చు. ప్రొబేషన్ చట్టం సెక్షన్ 8లో ఉన్న ఈ వెసులుబాటును అడిగేవారు తక్కువ. మూడేళ్ల బాండు పడి, రెండో ఏడాదిలో వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చిన మనిషికి ఇది ఎంతో అక్కరకొస్తుంది. అయినా ఇది బాండును తీసేస్తుంది గానీ దోషి అన్న మాటను తీసేయదు.

ఆ మాట తీసేయాలంటే పైకోర్టు గడప ఎక్కాలి. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో మేజిస్ట్రేటు ఇచ్చిన తీర్పు మీద అప్పీలు మెట్రోపాలిటన్ సెషన్స్ కోర్టుకు వెళ్తుంది. గడువు 30 రోజులు. ఒక హాస్టల్ అద్దె కట్టి మళ్లీ అద్దె కట్టే రోజు వచ్చేలోపు అన్నమాట. రివిజన్‌కు, అంటే కింది కోర్టు పద్ధతి ప్రకారం నడిచిందా లేదా అని పైకోర్టు రికార్డు తెప్పించి చూసేదానికి, గడువు 90 రోజులు. రివిజన్ సెషన్స్ కోర్టులో వేయవచ్చు, హైకోర్టులోనూ వేయవచ్చు. కానీ ఒకరికి ఒక్క అవకాశమే. ఒకచోట వేసినవారు రెండోచోట మళ్లీ వేయడానికి లేదు. అందుకే ఎక్కడ వేయాలో ముందే ఆలోచించుకోవాలి. దూరం సమస్య కాదు. నారాయణగూడలో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ ఎంజీబీఎస్, హైకోర్టు ఆ దగ్గర్లోనే మూసీ ఒడ్డున. అక్కడే రైలు మారితే మూడో స్టేషన్ నాంపల్లి.

రోజుల లెక్క ఎలా వేస్తారు? తీర్పు వచ్చిన రోజును లెక్కలోంచి తీసేస్తారు. కాపీ కోసం దరఖాస్తు పెట్టినప్పటి నుంచి అది సిద్ధమయ్యేదాకా పట్టిన కాలాన్ని కూడా తీసేస్తారు. కాపీకి 14 రోజులు పట్టిందనుకుంటే, మీ 30 రోజులు 44 అవుతాయి. అందుకే తీర్పు వచ్చిన రోజే దరఖాస్తు పెట్టమని అనుభవమున్న గుమాస్తాలు చెబుతారు. గడువు దాటిపోతే? లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపాలి. ఉద్యోగం రాలేదు కాబట్టి అప్పుడు పట్టించుకోలేదు, ఇప్పుడు వచ్చింది కాబట్టి పట్టించుకుంటున్నాను అన్నది బలమైన కారణం కాదు. ఉత్తర్వులో దోషి అని ఉందన్న సంగతే నాకెవరూ చెప్పలేదు, కాపీ ఇవ్వలేదు, తెలిసిన వెంటనే కదిలాను అని తేదీలతో, కాగితాలతో చూపగలిగితే దానికి కొంత బలం ఉంటుంది.

ఇక్కడ ఒక గోడ అడ్డొస్తుంది. నేరం ఒప్పుకుని దోషిగా తేలినవారికి, శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంత వరకే అప్పీలు. నేను నేరం చేయలేదు అన్న వాదనకు చోటు లేదు. పాత కోడ్‌లో 375, కొత్తదాంట్లో 416 ఇదే చెబుతాయి. మరోవైపు ప్రొబేషన్ చట్టం సెక్షన్ 11, కోడ్‌లో ఏమున్నా సరే సెక్షన్ 3, 4 కింద ఇచ్చిన ఉత్తర్వుల మీద అప్పీలు ఉంటుందని అంటుంది. ఈ రెంటినీ ఎలా కలిపి చదవాలో వాదించడం లాయరు పని. మీకు తెలియాల్సిందల్లా ఇదీ: పొరపాటున రివిజన్ వేశాక, అసలు వేయాల్సింది అప్పీలే అని తేలితే, దాన్నే అప్పీలుగా తీసుకునే అధికారం హైకోర్టుకు కొత్త కోడ్‌లోని సెక్షన్ 442(5) ఇచ్చింది. దారి తప్పినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు.

అయితే నేను ఒప్పుకోలేదు, ఒప్పుకున్నట్టు రాశారు అన్నది వేరే వాదన. అక్కడ పైకోర్టులు నిజంగా చెవి ఒగ్గి వింటాయి. ఈ సంగతి కొంచెం నిదానంగా చూడాలి.

రెండేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో ఒప్పుకోలును, వీలైనంత వరకు నిందితుడు పలికిన మాటల్లోనే మేజిస్ట్రేటు నమోదు చేయాలి. పాత కోడ్‌లో సెక్షన్ 252, కొత్తదాంట్లో 275. ఇది పైపై లాంఛనం కాదు. మహంత్ కౌసల్యా దాస్ కేసులో సుప్రీంకోర్టు, అప్పటి 1898 నాటి కోడ్‌లో ఉన్న ఇదే నియమాన్ని పాటించకపోవడం వల్ల దోషనిర్ధారణే చెల్లదని తేల్చింది. 1966 లా రిపోర్టుల్లో ఉన్న ఆ తీర్పు మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన కేసు మీద వచ్చింది. మన కుర్రాడి కాగితాల్లో, "అవును సార్, నేను అతన్ని కొట్టాను" అని అతని మాట ఉందా? లేక అచ్చు ఫారంలో "నేరం అంగీకరించెను" అన్న చోట టిక్కు మాత్రమే ఉందా? ఆరోపణ ఏమిటో అతనికి అర్థమయ్యే భాషలో చెప్పినట్టు ఉందా? పక్కన లాయరు ఉన్నట్టు డాకెట్‌లో ఉందా? రివిజన్‌లో జడ్జి చూసేవి ఇవే. శిక్ష రెండేళ్లు దాటే కేసుల్లో ఒప్పుకోలు నమోదు నియమం వేరే సెక్షన్‌లో ఉంది. అక్కడ నిందితుడి మాటల్లోనే అన్న షరతు కనిపించదు. కాబట్టి మీ సెక్షన్‌కు ఎంత శిక్షో ముందు చూసుకోవాలి.

రెండో కారణం, ఆశ చూపించి ఒప్పించడం. ప్లీ బార్గెయినింగ్‌కు ఇంకా చట్టం లేని రోజుల్లో, 1980లో, గుజరాత్ నుంచి వెళ్లిన కాసంభాయ్ కేసులో, తక్కువ శిక్ష పడుతుందన్న బేరంతో పుట్టిన ఒప్పుకోలు రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. దోషనిర్ధారణను కొట్టేసి కేసును విచారణకు తిప్పి పంపింది. ఆ తర్వాత కర్ణాటకకు చెందిన తిప్పేస్వామి కేసులో ఇంకో అడుగు వేసింది. తేలిగ్గా వదులుతామన్న హామీ మీద ఒప్పుకున్న మనిషికి పైకోర్టు శిక్ష పెంచడం అన్యాయం. శిక్ష చాలదనిపిస్తే దోషనిర్ధారణను కూడా తీసేసి, అతనికి కేసును ఎదుర్కొనే అవకాశం ఇవ్వాలి. ఈ సూత్రం నాకు చాలా న్యాయంగా కనిపిస్తుంది. మనిషి ఏ మాట నమ్మి తలవంచాడో, ఆ మాటనే తీసేసి అతని తలవంపును మాత్రం ఉంచుకోవడం కుదరదు.

మరి ఏ కారణాలు నిలవవు? వాయిదాలతో విసిగి ఒప్పుకున్నాను, పరీక్ష ఉందని తొందరపడ్డాను, అప్పుడు పర్యవసానం తెలియదు. వీటిలో బాధ నిజమే. కానీ సొంత మాటల్లో, లాయరు పక్కనుండగా, అడిగిన ప్రశ్న అర్థమై ఒప్పుకున్నట్టు రికార్డు ఉంటే, మనసు మార్చుకోవడం ఒక్కటే కోర్టుకు చాలదు. మూడేళ్ల తర్వాత వెరిఫికేషన్ ఫారం వచ్చాకే గుర్తొచ్చిందన్న అనుమానం ఎదుటి పక్షం లాయరుకు తప్పక వస్తుంది.

గెలిచామే అనుకుందాం. ఏం వస్తుంది? ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతారు. ఒప్పుకోలు చెల్లదని తేలితే సాధారణంగా జరిగేది నిర్దోషిగా విడుదల కాదు, మళ్లీ విచారణ. ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదు కదా అని అడగవచ్చు. ఆ రక్షణ పాత తీర్పు నిలిచి ఉన్నంత వరకే. దాన్ని మీరే కొట్టేయించుకున్నారు. ఇప్పుడు కుర్రాడు మళ్లీ నిందితుడు, ముందున్న గరిష్ఠ శిక్ష మళ్లీ ఏడాది జైలు. సాక్షులు రావాలి, వాయిదాలు నడవాలి. ఈలోగా ఏ ఫారంలోనైనా, మీ మీద కేసు పెండింగులో ఉందా అన్న గడిలో అవును అని రాయాలి. నిన్నటిదాకా ముగిసిన కేసు, ఇవాళ నడుస్తున్న కేసయింది.

పాస్‌పోర్టు దగ్గర ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1967 పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 6(2)(ఇ) ప్రకారం, గత ఐదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరానికి దోషిగా తేలి, కనీసం రెండేళ్ల జైలు శిక్ష పడితే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ప్రొబేషన్ పొందిన మనిషికి అసలు జైలు శిక్షే పడలేదు కాబట్టి ఇది తగలదు. అదే చట్టం 6(2)(ఎఫ్), క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే నిరాకరించవచ్చని అంటుంది. అప్పుడు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసులో, అప్పీలు పెండింగులో ఉన్నంత మాత్రాన పాస్‌పోర్టు రెన్యువల్ ఆపకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మళ్లీ విచారణ అంటే అది అప్పీలు కాదు, నడుస్తున్న ట్రయలే. విదేశాలకు వెళ్లాలనుకునేవారు కేసు తిరగదోడే ముందు ఈ ఒక్క సంగతి గురించైనా గట్టిగా ఆలోచించాలి.

ఇంకో జాగ్రత్త. ప్రొబేషన్ ఉత్తర్వు మీద అప్పీలుకు వెళ్తే, దాన్ని రద్దు చేసి దాని స్థానంలో శిక్ష వేసే అధికారం పైకోర్టుకు సెక్షన్ 11(4) ఇచ్చింది, కింది కోర్టు వేయగలిగిన దానికి మించకుండా. తిప్పేస్వామి తీర్పు ఒప్పుకున్నవారికి కొంత రక్ష, అయినా చట్టంలో ఆ అధికారం ఉందని తెలిసే అడుగు వేయాలి. ఫిర్యాదుదారుకు కూడా అప్పీలు దారి ఉందని మరిచిపోవద్దు. పరిహారం చాలలేదనో, చిన్న సెక్షన్ కింద దోషిగా తేల్చారనో బాధితులు వెళ్లవచ్చు.

ఇక అసలు భయం, ఉద్యోగం. ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12ను ఎంత మంది చదివారో గానీ, ఈ చట్టం మొత్తంలో మన పిల్లలకు అత్యంత అవసరమైనది అదే. సెక్షన్ 3 లేదా 4 కింద వదిలిన మనిషికి, దోషిగా తేలడం వల్ల వేరే ఏ చట్టం కిందనైనా అనర్హత వస్తే, ఆ అనర్హత వర్తించదు. ఆ తర్వాత బాండు తప్పి అసలు నేరానికి శిక్ష పడితే మాత్రం ఈ రక్షణ పోతుంది.

దీన్ని ఎంతవరకు నమ్ముకోవచ్చు? సుప్రీంకోర్టు తీర్పులను కలిపి చూస్తే ఒక గీత కనిపిస్తుంది. దోషి అన్న ముద్ర చెరిగిపోదు. దాని వల్ల చట్టం ప్రకారం ఆటోమేటిగ్గా వచ్చే అనర్హత మాత్రం ఆగుతుంది. ఆ నేరం వెనకున్న ప్రవర్తనను యజమాని పరిశీలించవచ్చు. 1985లో శంకర్ దాస్ కేసు చూడండి. ఢిల్లీ పాల సంస్థలో క్యాష్ క్లర్కు 500 రూపాయలు వాడుకున్నాడు, తిరిగి కట్టాడు, నేరం ఒప్పుకున్నాడు, మేజిస్ట్రేటు ప్రొబేషన్ ఇచ్చాడు. సంస్థ ఉద్యోగం తీసేసింది. తీసేయడం సెక్షన్ 12 చెప్పే అనర్హత కాదని సుప్రీంకోర్టు అంటూనే, ఆ పరిస్థితుల్లో తొలగింపు మరీ కఠినమని చెప్పి, వెనక జీతంతో సహా తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అతను దోషనిర్ధారణను కొట్టేయించుకుని గెలవలేదు. ప్రొబేషన్ ఉత్తర్వుతోనే, శిక్ష నేరానికి తగినట్టు లేదన్న వాదనతోనే గెలిచాడు.

వెరిఫికేషన్ ఫారంలో చేసే తప్పు కేసు కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారంలో అరెస్టయ్యారా, కోర్టులో కేసు నడిచిందా, బాండు మీద వదిలారా, జరిమానా పడిందా, దోషిగా తేలారా అని విడివిడిగా అడుగుతారు. ప్రొబేషన్ పొందినవారు బాండు గడిలో, దోషి గడిలో రెండింటా అవును అనాలి. కేసు అయిపోయింది కదా అని లేదు అని రాయడం ఎంత ప్రమాదమో 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం వివరంగా చెప్పింది. తెలిసీ దాచడం దానికదే ఉద్యోగం పోగొట్టగల కారణం. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయమైతే దాచినా యజమాని విచక్షణతో మన్నించవచ్చు. నిజం చెప్పినా పూర్వాపరాలు పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది, తీసుకుని తీరాలని లేదు. అయినా చెప్పి, ఉత్తర్వు కాపీ జతచేసి, సెక్షన్ 12ను ఉదహరిస్తూ ఒక పేజీ వివరణ ఇచ్చిన అభ్యర్థి, దాచి దొరికిన అభ్యర్థి కన్నా ఎంతో గట్టి నేల మీద నిలబడతాడు. ఈ ఒక పేజీకి అయ్యే ఖర్చు జెరాక్స్ డబ్బులే.

బాండు గడువు ఇంకా నడుస్తున్నవారికి ఒక మాట. షరతు తప్పితే సెక్షన్ 9 కింద కోర్టు అసలు నేరానికే శిక్ష వేయవచ్చు. మొదటిసారి తప్పితే 50 రూపాయలకు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు కూడా. 1958లో రాసిన ఆ 50 ఇప్పటికీ 50గానే ఉంది. చిక్కడపల్లిలో నలుగురు మిత్రులు టీ తాగితే అయిపోయే డబ్బు. కానీ అది గడువులోగా కట్టకపోతే అసలు శిక్ష పడే దారి తెరుచుకుంటుంది, దాంతో సెక్షన్ 12 రక్షణ కూడా పోతుంది. అంతటి ఉద్యోగ భవిష్యత్తు ఆ చిన్న రసీదు మీద ఆధారపడి ఉంటుంది. గది మారితే చిరునామా తెలియజేయడం, పిలిచిన రోజున ప్రొబేషన్ అధికారి ముందు హాజరు కావడం తప్పనిసరిగా చూసుకోవాలి.

అసలు ప్రొబేషనే అడగకుండా జైలు శిక్ష పడినవారి సంగతేమిటి? పైకోర్టులో మొదటిసారిగా అడగవచ్చు. ఈ దారి వేసిన తీర్పుల్లో ముఖ్యమైనది 1964 నాటిది. పంజాబ్‌కు చెందిన 16 ఏళ్ల కుర్రాడి కేసులో, విచారణ నాటికి అక్కడ ప్రొబేషన్ చట్టం అమల్లో లేకపోయినా అప్పీలు దశలో దాన్ని వర్తింపజేయవచ్చని మెజారిటీ తీర్పు రాసింది మన రాజమండ్రి వారైన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆ తర్వాత ఆయనే భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లవారికి ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ షాపులో వస్తువు తీసిన కేసులోనో, తాగి బండి నడిపిన కేసులోనో, ప్రొబేషన్ తీసుకుంటే రికార్డులో దోషి అని పడదు అని చెబితే సంతకం పెట్టేస్తారు. 1996లో మారిన అమెరికా వలస చట్టం మాత్రం, నేరం ఒప్పుకుని, దానికి ఏ కొద్దిపాటి శిక్షో ఆంక్షో తోడైతే దాన్ని దోషనిర్ధారణగానే చూస్తుంది, రాష్ట్ర కోర్టు ఆ మాట రాయకపోయినా సరే. అందుకే 2010 మార్చి 31న అమెరికా సుప్రీంకోర్టు పడీయా కేసులో, ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని క్లయింటుకు చెప్పడం లాయరు బాధ్యతేనని తేల్చింది. చెప్పకపోతే ఒప్పుకోలును రద్దు చేయమని అడగడానికి అది ఒక ఆధారం.

అక్కడ దారి రాష్ట్రానికొకటి. టెక్సస్‌లో ప్రొబేషన్ మీద ఉన్నవారికి, అది ముగించుకున్నవారికి 11.072 అనే ప్రత్యేక నిబంధన ఉంది, మన దగ్గరలా కాకుండా అసలు కోర్టే వింటుంది. న్యూజెర్సీలో సాధారణ గడువు ఐదేళ్లు. కాలిఫోర్నియా 2017 నుంచి, వలస పర్యవసానాలు అర్థం కాక ఒప్పుకున్నవారి కోసమే 1473.7 అనే సెక్షన్ పెట్టింది. అయితే వలస అధికారులు ఒక షరతు చూస్తారు. ఒప్పుకోలులో చట్టపరమైన లోపం ఉందని కోర్టు రద్దు చేస్తేనే లెక్క. వీసా పోతుందని జాలిపడి రద్దు చేస్తే, వాళ్ల దృష్టిలో పాత దోషనిర్ధారణ అలాగే ఉంటుంది. నారాయణగూడలో కూర్చుని అమెరికా వీసా ఫారం నింపేవారు కూడా గమనించాలి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, దోషిగా తేలారా అని ఆ ఫారం అడుగుతుంది, క్షమాభిక్ష దొరికినా సరే అని మరీ. మన ప్రొబేషన్ ఉత్తర్వు అక్కడ అవును అన్న జవాబే.

లాయరు ఫీజు భయంతో ఆగిపోనవసరం లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితికి లోబడి, 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవల సంస్థ కార్యాలయం ఉంది. వెళ్లేటప్పుడు తీర్పు కాపీ, డాకెట్ కాపీ, ఒప్పుకోలు కాగితం, బాండు నకలు, కాపీ దరఖాస్తు పెట్టిన తేదీ ఉన్న రసీదు, వచ్చిన ఫారం తీసుకెళ్లండి. కాపీ ఇంకా రాకపోతే, దరఖాస్తు రసీదు ఒక్కటైనా సరే పట్టుకెళ్లండి. మీ 30 రోజుల్లో ఎన్ని మిగిలాయో దాన్ని చూసే లెక్కగడతారు.